ఆరు కంటే తక్కువ

బండి గంట ఆలస్యమని స్టేషను మాస్టరు నల్లపలక మీద సుద్దముక్కతో రాసి లోపలికి పోయాడు. యుద్ధం మొదలైనప్పటి నుంచీ కుప్పం స్టేషనులో గంట అన్న మాటకు విలువ లేదు, ముందు సిపాయిల బండ్లు పోవాలి, తర్వాత మందుగుండు బండ్లు పోవాలి, ఆపైన పట్టాలు ఖాళీగా ఉంటే మనుషులు పోవాలి, అయినా జయరత్నం ఆ పలక దగ్గరికి మూడుసార్లు వెళ్ళి మూడుసార్లూ చదివాడు. గంట. చెప్పదలుచుకుంటే గంట చాలు. చెప్పదలుచుకోకపోతే పద్దెనిమిది నెలలు కూడా చాలలేదు. చెప్పాల్సింది బెంచీ మీద కూర్చున్న చెల్లెలు రూతుకు, ఆమె ఒళ్ళో పద్నాలుగు నెలల ఇందిర నోరు తెరుచుకుని నిద్రపోతోంది, జోలార్‌పేట నుంచి వచ్చే బండిలోంచి దిగబోయేవాడు రూతు మొగుడు చిన్నప్ప, బిడ్డ ముఖం ఇంతవరకూ చూడనివాడు, బిడ్డ గొంతు ఇక ఎన్నటికీ విననివాడు. రెండు చెవులూ పోయాయని మిలిటరీ ఆసుపత్రి నుంచి ఇంగ్లీషులో ఉత్తరం వచ్చింది. మణిపూరు కొండల్లో వైర్‌లెస్ లారీ పక్కనే గుండు పడిందట, లారీలో ఉన్న ముగ్గురిలో ఇద్దరు పోయారట, ఇతను మిగిలాడట, చెవులు మిగల్లేదట. ఆ ఉత్తరాన్ని మదనపల్లె నుంచి పుంగనూరుకు పట్టుకుపోయి తెలుగులో చదివి చెప్పింది తానే. రూతు అంతా విని, వంగి పొయ్యిలో కట్టె ఎగదోసి, "కండ్లు ఉండాయి కదన్నా" అంది. అంతే అంది. ఆమె ఏడ్చి ఉంటే, తనను పట్టుకుని నాలుగు మాటలని ఉంటే, ఆ రోజే చెప్పేసేవాడేమో. లేదు, అదీ అబద్ధమే, ఏడ్చి ఉంటే ఏడుస్తోంది కదా ఇప్పుడెందుకని ఊరుకునేవాడు.

పొద్దున బస్సులో చెప్పొచ్చు. పుంగనూరులో బొగ్గు బస్సు ఆగినప్పుడు, డ్రైవరు వెనకనున్న కొలిమిలో బొగ్గులు కుమ్మి తిత్తి తిప్పుతున్నప్పుడు, రూతు సంకలో బిడ్డతో, చేతిలో సద్దిమూటతో ఎక్కి పక్కన కూర్చుంది. అప్పుడు చెప్పొచ్చు. పలమనేరు దాటాక కొండ గాటు ఎక్కలేక బస్సు నిలబడిపోయి అందరూ దిగి తోశారు, అప్పుడూ చెప్పొచ్చు. వెంకటగిరికోటలో ఎవరో కన్నడంలో పూలమ్ముతూ వస్తే రూతు ఒక మూర కొని తలలో పెట్టుకుంది, మొగుడు వస్తున్నాడని, చెవుల్లేని మొగుడైనా పూలు చూస్తాడు కదా, ఆ పూలు చూశాక నోరు పెగల్లేదు. ఇప్పుడవి వాడిపోయి ఆమె మెడ మీదికి జారాయి. స్టేషనులో టెలిగ్రాఫు గది నుంచి టకటకమని చప్పుడు వస్తోంది. ఆ చప్పుడు కూడా అతనికి వినపడదు. అతనికి నేర్పించిన చప్పుళ్ళన్నీ వృథా. నేర్పింది ఎవరు? జయరత్నం మాస్టరు.

మాస్టరు. ఆ పిలుపు వినడానికి ముప్పైఆరేళ్ళు పట్టింది. తండ్రి మునెప్ప కలకడ రోడ్డు మీద కంకర కొట్టినవాడు, ఎండలో కూర్చుని రాళ్ళు కొట్టీ కొట్టీ ఒక కన్ను రాతిపెచ్చు తగిలి పోగొట్టుకున్నవాడు. కొడుకును మిషను బడిలో వేశాడు, బడి నుంచి మిషను ఆసుపత్రి ఎక్స్‌రే గదిలో ఊడ్చే పనికి పంపాడు. ఊడుస్తూ ఊడుస్తూ ఆ యంత్రం ఎందుకు గుయ్యిమంటుందో అడిగితే తెల్ల దొర ఒకాయన నవ్వి చెప్పడం మొదలుపెట్టాడు, పదేళ్ళు చెప్పాడు, ఆయన పోయేనాటికి ఆ గదిలో ఏ తీగ ఎక్కడికి పోతుందో జయరత్నానికి కళ్ళు మూసుకుని తెలుసు. నలభై మూడులో సర్కారు వాళ్ళు యుద్ధం కోసమని మదనపల్లెలో పాత వేరుశనగ గోడౌనులో ట్రైనింగు సెంటరు తెరిచినప్పుడు వైర్‌లెస్ మెకానిక్కులకు కరెంటు పాఠం చెప్పడానికి మనిషి దొరక్క ఇతన్ని పిలిచారు. దొరక్క. హెడ్ ఇన్‌స్ట్రక్టరు ఆ మాట మొదటిరోజే చెప్పాడు, ఎవరూ దొరక్క నిన్ను తీసుకున్నామయ్యా అని, మర్యాదగానే, తమలపాకు నములుతూ. ఇంకో రోజు ఇంకా మర్యాదగా ఇంకో మాట అన్నాడు. "మీవాళ్ళకు చేతిపని బాగా వస్తుంది జయరత్నం, దాంట్లో మాట లేదు. లెక్క మాత్రం ఎక్కదు. అది మీ తప్పు కాదులే." అది మీ తప్పు కాదులే. ఆ చివరి మాటే గొంతులో ముల్లులా ఉండిపోయింది. తిట్టి ఉంటే మరిచిపోయేవాడు.

చిన్నప్పను సెంటరులో చేర్పించింది ఆ ముల్లు తీయడానికే, ఇప్పుడు ఒప్పుకోవాలి. బయటికి చెప్పింది వేరు. పుంగనూరులో వానల్లేవు, బావులెండిపోయాయి, ఎద్దులతో నీళ్ళు తోడే కపిల తోలే కూలీ అంతకన్నా లేదు, సెంటరులో తిండి పెడతారు, బియ్యం ఇస్తారు, యుద్ధం అయిపోయాక కరెంటాఫీసులో కొలువు చూసుకోవచ్చు అని చెల్లెలికి చెప్పాడు. అదీ నిజమే. పాసైనవాళ్ళు పట్టాళానికి పోవాలని కూడా చెప్పాడు, అయితే ఆ మాట కొంచెం గబగబా చెప్పాడు. అప్పటికి రూతుకు నెల తప్పి రెండు నెలలు, ఎవరికీ తెలియదు.

జోలార్‌పేట వైపు నుంచి ఇంజను కూత. ప్లాట్‌ఫారం మీద జనం లేచి నిలబడ్డారు. రూతు బిడ్డను భుజాన వేసుకుని లేచింది. బండి ఆగలేదు, కాకీ గుడ్డలు కప్పిన ట్రక్కుల మీద ట్రక్కులు, ఒక్కొక్క పెట్టె పోతున్నప్పుడు నేల అదిరింది, గార్డు పెట్టె కూడా పోయింది, జనం మళ్ళీ కూర్చున్నారు. ఇందిర ఉలిక్కిపడి లేచింది కానీ ఏడవలేదు, బండి పోయిన దిక్కు చూసి "ప్పా" అంది. వారం నుంచీ రూతు నేర్పిస్తోంది, అప్పా అనమ్మా, అప్పా అను. నేర్పేవాళ్ళకు ఏం నేర్పుతున్నారో తెలియదు, నేర్పడం ఒక్కటే తెలుసు.

చిన్నప్ప బాగా నేర్చుకున్నాడు, అదే బాధ. మొదటి వారం భయపడ్డాడు, మీటరు ముల్లు కదిలితే చెయ్యి వెనక్కి లాక్కునేవాడు. రెండో నెలలో జయరత్నం చోక్ కాయిల్ తెచ్చి బల్ల మీద పెట్టి పాఠం మొదలుపెట్టాడు, ఇనుప కడ్డీ చుట్టూ వందల చుట్లు చుట్టిన రాగితీగ. దీనికి బ్యాటరీ కలిపితే కరెంటు ఒకే దిక్కుకు పోతుంది, తీగ ఒక్కటే అడ్డు, దాన్ని రెసిస్టెన్సు అంటారు. డైనమో కలిపితే కరెంటు సెకనుకు యాభైసార్లు అటూ ఇటూ ఊగుతుంది, అప్పుడు తీగ అడ్డుకు తోడు చుట్టలు కూడా అడ్డుపడతాయి, ఆ మొత్తం అడ్డును ఇంపీడెన్సు అంటారు. కొలవడం సులభం, ఎన్ని వోల్టులు పెట్టావో చూడు, ఎన్ని ఆంపియర్లు పోయాయో చూడు, మొదటిదాన్ని రెండోదానితో భాగించు. చెప్పి, అర్థమైందా అంటే పన్నెండుమందీ పన్నెండు రాతిబొమ్మల్లా చూశారు. వెనక బెంచీ నుంచి చిన్నప్ప లేచాడు. క్లాసులో బావా అని పిలవకూడదని జయరత్నమే చెప్పాడు కాబట్టి సార్ అన్నాడు.

"సార్, కపిల తోలే ఎద్దుకు దారెంబడి పోయేటప్పుడు నీళ్ళ బాన బరువొకటే బరువు. అదే ఎద్దును అడుగడుక్కీ ఎనక్కి తిప్పు, ముందుకు తిప్పు అంటే తిరగడం కూడా దానికి బరువే గదా. తిప్పితే బాన బరువు తగ్గుతాదా? తగ్గదు. ఇంగా ఎక్కువే అవుతాది. కాబట్టి బ్యాటరీకి ఆరు వస్తే డైనమోకు ఆరు కన్నా తక్కువ యాడ వస్తాది?"

గోడౌను అంతా నవ్వు, నవ్వి నవ్వి అందరికీ అర్థమైంది. ఆ రోజు జయరత్నం ఇంటికి నడిచిపోయాడా తేలిపోయాడా. పుస్తకంలో లేని మాట, దొర చెప్పని మాట, కపిల తోలిన మనిషి చెప్పాడు. హెడ్ ఇన్‌స్ట్రక్టరు గుమ్మం దగ్గర నిలబడి వింటే ఎంత బాగుండేదో అని రాత్రంతా అదే అనుకున్నాడు. ఇంపీడెన్సు ఎప్పుడూ రెసిస్టెన్సు కంటే తక్కువ రాదు, వచ్చిందంటే మీటరు తప్పు కాదు, కొలిచినవాడిది తప్పు అని మర్నాడు నోటు చెప్పి రాయించాడు, చిన్నప్ప కూడా గుండ్రటి అక్షరాలతో రాసుకున్నాడు.

పరీక్షకు వారం ముందు బావి దగ్గర బట్టలుతుక్కుంటూ చిన్నప్ప అడిగాడు. అది పెద్దగా అడగడం కూడా కాదు.

"బావా, పరీచ్చ తప్పినోళ్ళను ఇంటికి పంపించేస్తారంట గదా?"

"పంపిస్తారు. నువ్వెందుకు తప్పుతావు?"

"ఊరికే అడిగినా లే." గుడ్డ పిండి దులిపి ఆరేశాడు. ఆరేసి చాలాసేపు ఆ గుడ్డనే సరిచేస్తూ నిలబడ్డాడు. రూతుకు ఐదో నెల వచ్చింది, కడుపు కనపడుతోంది, బర్మా సరిహద్దు నుంచి వస్తున్న కబుర్లు ఊరంతటికీ తెలుసు. జయరత్నం చెవులు బాగానే ఉన్నాయి ఆ రోజు. విన్నాడు. విని, అంత తెలివైనవాడు తప్పుతానేమోనని భయపడుతున్నాడు పాపం అనుకున్నాడు. అనుకున్నాడా? అనుకున్నట్టు తనకు తాను చెప్పుకున్నాడు. రెండింటికీ మధ్య ఎంత దూరం ఉంటుందో కొలిచే మీటరు ఏ దొరా తేలేదు.

పరీక్ష రోజు బెంగుళూరు నుంచి తెల్ల సార్జెంటు వచ్చాడు. ఒక్కొక్కరికి అరగంట, ఒక కాయిలు, ఒక లారీ బ్యాటరీ, డైనమో నుంచి ఇరవై వోల్టులు, రెండు మీటర్లు, ఒక కాగితం, పెన్సిలు. సాయంత్రం సార్జెంటూ హెడ్ ఇన్‌స్ట్రక్టరూ ఆఫీసు గదిలో టీ తాగుతున్నారు, కాగితాలు తీసుకురమ్మన్నారు. గోడౌనులో ఎవరూ లేరు. డైనమో తిప్పే ఇంజను ఇంకా ఆపలేదు, బెల్టు టపటపా కొట్టుకుంటోంది. పన్నెండు కాగితాలు దొంతరగా సర్దుతూ తొమ్మిదోది చిన్నప్పది చూశాడు. బ్యాటరీతో పన్నెండు వోల్టులు, రెండు ఆంపియర్లు, రెసిస్టెన్సు ఆరు. బాగుంది. డైనమోతో ఇరవై వోల్టులు. ఐదు ఆంపియర్లు. ఇంపీడెన్సు నాలుగు.

నాలుగు. ఆరు కంటే తక్కువ.

మీటరు ఏమైనా పాడైందేమోనని కాయిలు దగ్గరికి పోయి తానే తీగలు బిగించి మళ్ళీ కొలిచాడు, ఇరవై వోల్టులు, రెండు ఆంపియర్లు, ముల్లు రెండు మీద నిలబడి కదల్లేదు. ఇరవైని రెండుతో భాగిస్తే పది. పది రావాలి. వంకర గీతలు, కొట్టివేతలు ఏమీ లేవు, గుండ్రటి అక్షరాలతో నిదానంగా నాలుగు అని రాసి ఉంది. ఆఫీసు గదిలోంచి హెడ్ ఇన్‌స్ట్రక్టరు నవ్వు వినపడింది. ఈ కాగితం చూస్తే ఆయన ఏమంటాడో తెలుసు. ఏమీ అనడు. సార్జెంటుకు చూపించి, జయరత్నం వైపు దయగా చూస్తాడు. అది మీ తప్పు కాదులే. జయరత్నం జేబులోంచి రబ్బరు తీశాడు. ఐదును చెరిపి రెండు రాశాడు, నాలుగును చెరిపి పది రాశాడు. పది గుండ్రంగా రావడానికి రెండుసార్లు దిద్దాడు.

పన్నెండుమందికి పన్నెండుమందీ పాస్. సార్జెంటు లేచి నిలబడి చెయ్యి కలిపాడు. తెల్లవాడి అరచెయ్యి చెమటగా ఉంది, ఆ చెమటను తుడుచుకోకుండా ఇంటిదాకా మోసుకుపోయాడు. పేర్లు చదివినప్పుడు మిగిలినవాళ్ళు ఎగిరి గంతులేశారు. చిన్నప్ప ఒక్కడే తలెత్తి తన వైపు చూశాడు, కోపంగా కాదు, ఎదుటివాడు ఏదో మాట మిగిల్చాడేమో, ఇంకా చెబుతాడేమో అని ఎదురుచూసే చూపు. "సరే బావా" అన్నాడు. క్లాసు అయిపోయింది కదా, బావా అనొచ్చు. నెల తిరక్కుండా ఇదే ప్లాట్‌ఫారం మీద, ఇదే బెంచీ దగ్గర, పట్టాళం బండి ఎక్కాడు.

పొరపాటుగా రాశాడనుకున్నాను. పద్దెనిమిది నెలలుగా ఇదే మాట. ప్రార్థనలో మోకాళ్ళ మీద కూడా ఇదే చెప్పుకున్నాడు, ప్రభువా, పొరపాటు అనుకున్నాను, పిల్లవాడి బతుకు బాగుపడాలని దిద్దాను. ఎద్దు బరువు తగ్గుతుందా అని నవ్వించిన మనిషి, తక్కువ యాడ వస్తాది అని అడిగిన మనిషి, లోకంలో ఏ తప్పైనా చేస్తాడు, ఆ ఒక్క తప్పు చేయడు. చేశాడంటే అది తప్పు కాదు, కబురు. కరెంటు తెలిసినవాడు తప్ప ఇంకొకరు చదవలేని కబురు, మదనపల్లెలో దాన్ని చదవగలిగిన మనిషి ఒకే ఒకడు. చదివాడు. రబ్బరు తీసే ముందే చదివాడు. కాయిలు దగ్గరికి పోయి మళ్ళీ కొలిచింది అనుమానం వచ్చి కాదు, కొలిస్తే పది వస్తుంది, పది వస్తే దిద్దడం న్యాయం అవుతుంది. సత్యం దిద్దాను అనుకోవచ్చు. ఆ మాట ఇప్పుడు ఈ బెంచీ పక్కన నిలబడి మొదటిసారి పూర్తిగా అనుకున్నాడు, అనుకున్నాక లోపల బరువేమీ తగ్గలేదు, తగ్గుతుందని ఎవరో అంటారు కదా.

"రూతూ."

"ఊఁ."

"పరీక్ష రోజు చిన్నప్ప లెక్క తప్పు రాసినాడు. నేను దిద్దినాను. దిద్దకపోయుంటే ఇంటికొచ్చేసేవాడు." అంతవరకే చెప్పాడు. మిగిలిన సగం పళ్ళ వెనక ఆగిపోయింది.

రూతు ఉలిక్కిపడలేదు. బిడ్డ నోటి దగ్గర చొంగ తుడిచి, కొంగు దులుపుకుంది.

"తెల్సున్నా. తప్పు రాయమని నేనే చెప్పినా ఆయనకి."

జయరత్నం ఆమె వైపు తిరిగాడు.

"ఆయన నిన్నే అడగాలనుకున్నాడు. వద్దంటిని. నోరిడిసి అడిగితే నువ్వు కాదనలేవు, రేపు బయటపడితే నీ కొలువు పోతాది, నలుగురిలో తలకాయ ఎత్తుకుని తిరగతాండావు, నీకు మాట రాకూడదు అంటిని. బావకు మాత్రం అర్థమయ్యేట్టు రాస్తాలే, చూడంగానే తెలుసుకుని ఊరుకుంటాడు అన్యాడు. నీకేమో తెలీకపోయె." ఆమె గొంతులో నిష్ఠూరం లేదు, అదే భయంకరంగా ఉంది. "పోతానే జాబు రాసినాడు, పాపం బావకు అర్థం కాలేదు, మనమే సరిగ్గా చెప్పుకోలేదు, ఆయన్నేమీ అనద్దు అని. అందుకే నేనెప్పుడూ ఎత్తలేదు. నువ్వు కావాలని చేస్తివా యేమన్నా? ఇడిసిపెట్టు."

ఇడిసిపెట్టు. పద్దెనిమిది నెలల కిందటే వాళ్ళిద్దరూ కూర్చుని తనను క్షమించేశారు. చేయని నేరానికి క్షమించారు, చేసింది వాళ్ళకు తెలియదు. క్రిస్మసుకు అరిసెలు పంపింది, బిడ్డ పుట్టినప్పుడు మొదట తన చేతిలో పెట్టింది, పేరు పెట్టమంది. అంతా బావకు అర్థం కాలేదన్న ఆ ఒక్క మాట మీద నిలబడి ఉంది. అది అలాగే నిలబడనిస్తే ఎవరికి నష్టం? తెలివి తక్కువవాడు అనిపించుకుంటే చాలు, బతికిపోవచ్చు. చిత్రం, ఎవడూ తెలివి తక్కువవాడు అనకూడదనే కదా ఇదంతా చేసింది.

గంట కొట్టారు. ఈసారి ఆగే బండే. పొగ, ఆవిరి, తలుపుల చప్పుడు, కిటికీల నిండా సిపాయిలు, అరవం, కన్నడం, హిందుస్తానీ అన్నీ కలిసిన గోల. చివరి నుంచి మూడో పెట్టెలోంచి చిన్నప్ప దిగాడు. చిక్కిపోయాడు, కాకీ కోటు భుజాల మీద వేలాడుతోంది, చేతిలో రేకుపెట్టె. మనుషులు పక్కనుంచి అరిచినా తప్పుకోవడం లేదు, తగిలాకే తప్పుకుంటున్నాడు. రూతు పరుగులాంటి నడకతో పోయి ఎదురుగా నిలబడింది. అతను ఆమె పూలు చూశాడు, బిడ్డను చూశాడు. బిడ్డ కొత్త మనిషిని చూసి గుక్కపట్టి ఏడ్చింది. అతను ఆ తెరిచిన నోటిని చూస్తూ నవ్వాడు, అది అప్పా అంటోందో ఏడుస్తోందో తెలియని నవ్వు. రూతు అతని చెయ్యి పట్టుకుని బిడ్డ వీపు మీద ఆనించింది, ఏడుపుకు అదిరే వీపు మీద ఆ చెయ్యి చాలాసేపు ఉండిపోయింది.

జయరత్నం రేకుపెట్టె అందుకున్నాడు. అప్పుడు చిన్నప్ప అతన్ని చూశాడు. తన గొంతు తనకు వినపడదు కాబట్టి చెరువు అవతలి మనిషిని పిలిచినట్టు గట్టిగా మాట్లాడాడు. స్టేషను మాస్టరు తల తిప్పాడు, కూలీలు ఆగారు.

"బావా! ఆస్పత్రిలో పండుకోని ఒకే మాట అనుకుంటా ఉంటిని! నిన్ను చూస్తానే అడగాలని! ఆ పొద్దు నాలుగు అని రాస్తిని గదా! నీకు అర్థమయ్యిందా, కాలేదా?"

అందులో నేరం మోపే ధోరణి లేదు. తెలుసుకోవాలన్న ఆశ ఒక్కటే ఉంది, పాఠం అడిగిన రోజుల్లోలాగా. రూతు వెంటనే అన్న తరఫున అడ్డంగా తల ఊపింది, కాలేదు, కాలేదు, పాపం కాలేదు అన్నట్టు చెయ్యి కూడా ఆడించింది. చిన్నప్ప ఆమెను చూసి, మళ్ళీ జయరత్నం ముఖం వైపే చూశాడు. అతనికి కావలసింది ఆమె జవాబు కాదు. జయరత్నం నోరు తెరిచాడు. గోడౌను, టీ తాగే నవ్వు, తండ్రి చితికిన కన్ను, అది మీ తప్పు కాదులే, అన్నీ వరసగా చెప్పాలని తెరిచాడు. ఎవరికి చెప్పడం, ఆ చెవులకా? కారణాలకు ఇక దారి లేదు. మిగిలింది తల ఒక్కటే, అది అడ్డంగా ఊగాలి లేదా నిలువుగా ఊగాలి.

నిలువుగా ఊపాడు. ఒకసారి ఊపి, చాలదేమోనని మళ్ళీ ఊపాడు.

చిన్నప్ప ముఖంలో ఏమీ మారలేదు, కళ్ళు మాత్రం మెల్లగా కిందికి దిగి జయరత్నం చేతి దగ్గర ఆగాయి. వంగి, ఆ చేతిలోంచి రేకుపెట్టె తీసుకున్నాడు, లాక్కోలేదు, వేళ్ళు ఒక్కొక్కటే విడదీసి తీసుకున్నాడు. రూతు అన్న వైపు చూస్తూ ఉండిపోయింది. ఆ చూపులో ముందు నమ్మకపోవడం ఉంది, తర్వాత లేదు. బిడ్డ ఏడుపు మానేసింది.

"పోదాం పదయ్యా" అంది మొగుడితో, అతనికి వినపడదని మరిచిపోయి. గుర్తొచ్చి భుజం తట్టింది. ఇద్దరూ గేటు వైపు నడిచారు. పుంగనూరుకు పోయే బస్సు ఒక్కటే ఉంది, మదనపల్లెకు పోవాలన్నా ఆ బస్సే ఎక్కాలి. జయరత్నం నాలుగడుగులు వెనక నడిచాడు, గేటు దగ్గర రూతు ఆగి, వెనక్కి తిరక్కుండానే చెప్పింది.

"నువ్వు రేపటి బస్సుకు రాన్నా."